సెల్ఫ్ తీసుకోని జీపు, ఎవర్నీ నమ్మని మనిషి

మొన్న పొద్దున్నే ఫోను మోగింది. చేసింది నా పాత శిష్యురాలు. తొంభైల చివర్లో గోరంట్ల పక్క పల్లెలో నేను తెలుగు పంతులుగా ఉన్నప్పుడు పదో తరగతి చదివిన పిల్ల. ఇప్పుడు హిందూపురంలో తనే లెక్కల టీచరు.

"సార్, మన జీపు పెదనాయన పోయినాడు సార్."

"అయ్యో. ఎట్లమ్మా?"

"నిద్దట్లోనే పోయినాడంట. ఎవరి మీదా అనుమానం పడకుండా పోయినాడే అని ఊరంతా అదే మాట సార్."

నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు సిగ్గేసింది. అవతల ఆ పిల్ల కూడా అదే అవస్థలో ఉన్నట్టుంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎక్కడున్నా సరే లేచి వచ్చి, "నా పేరు ఎందుకు రాసినావ్ సార్? ఎవరు రాయమన్నారు?" అని అడుగుతాడు. రెండో ప్రశ్నకే ఆయనకు జవాబు ముఖ్యం.

పొడుగ్గా, కరెంటు స్తంభంలా ఉండేవాడు. మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి మొహం చూడడు, చేతులు చూస్తాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న బల్బు, దానికి రెండు వైర్లు. జీపులో ఏ తీగలో కరెంటు ఉందో, ఏ తీగలో లేదో చూసుకోవడానికి. "ఈ ఊర్లో నాకు అబద్ధం చెప్పనిది ఇదొక్కటే సార్" అనేవాడు జేబు తట్టి. నేను నిత్యసత్యాలు బోధించే వృత్తిలో ఉన్నవాణ్ణి. అయినా ఆ జాబితాలో నాకు చోటు దొరకలేదు.

కొత్తగా ఆ ఊరికి వెళ్ళిన రోజుల్లో ఎదురుపడితే నమస్కారం పెట్టాను.

"ఏం పని పడింది సార్?" అన్నాడు.

"పనేం లేదన్నా, ఊరికే."

"ఊరికే ఎవరన్నా నమస్కారం పెడతారా సార్!"

అక్కడ ఆగలేదు. సాయంత్రం మా ఇంటి ఓనరును కలిసి, కొత్త సారుకు నాతో ఏం పనుందో కనుక్కో అన్నాడట.

టీ హోటల్లో ఆయన పక్కన కూర్చుంటే మన టీ మనం తాగడం కుదరదు. హోటలాయన రెండు గ్లాసులు పెట్టగానే ఈయన తన గ్లాసు నా వైపు జరిపి, నాది తను తీసుకునేవాడు. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నేను తాగింది ఆయన టీయే. రేడియోలో రాయలసీమలో వానలు పడొచ్చని చెబితే, "ఎవరికి మేలు చేయనీకి చెప్తాండారో" అనేవాడు. వాన రాకపోతే, "చూసినావా, నేను చెప్పలా" అనేవాడు. మా వైపు వానలు ఎప్పుడూ ఆయన పక్షానే ఉండేవి.

ఆయన జీపు ఏదో సర్కారు ఆఫీసు వేలంపాటలో కొన్నది. ఎందరు సాహెబుల్ని మోసిందో ఏమో, సీట్లు వాళ్ళ ఆకారానికి గుంటలు పడి ఉండేవి. మనం కూర్చున్నా ఇంకెవరి ఒళ్ళోనో కూర్చున్నట్టే ఉండేది.

"మంచి బండైతే వాళ్ళెందుకు అమ్ముతారు సార్? ఏదో ఉండాది దీంట్లో" అన్నాడు ఒకసారి.

"మరి నువ్వెందుకు కొన్నావన్నా?"

"నేను కొనకుంటే ఇంకొకడు కొంటాడు గదా!"

 

ఆ "ఏదో" నిజంగానే ఉంది. తాళం చెవి తిప్పితే జీపు సెల్ఫ్ తీసుకునేది కాదు. ఇంజను తిరిగే గిర్రుమనే చప్పుడు రావలసిన చోట, బానెట్ కింద ఎవరో నాలుక చప్పరించినట్టు "టక్" అని ఒక్క శబ్దం. అంతే. ఒక్కోసారి వెంటనే పలికేది. ఒక్కోసారి టక్, టక్, టక్. డీజిలు బండి కాబట్టి తోస్తే స్టార్టయ్యేది. అందుకని దాన్ని ఎప్పుడూ మిట్ట మీదే నిలిపేవాడు. బ్రేకు వదిలితే దొర్లుకుంటూ పోయి, గేరు పడగానే ఎక్కిళ్ళు పెట్టి లేచేది. మనుషులు ఒక ఊరు వెళితే నీళ్ళున్నాయా, నీడుందా అని చూస్తారు. ఈయన వాలు ఉందా అని చూసేవాడు. చుట్టాల పిల్లకు రాప్తాడు వైపునుంచి మంచి సంబంధం వస్తే, "వద్దప్పా, ఆ ఊరంతా సాపు నేల. పెండ్లికి పోతే బండి యాడ నిలిపేది?" అన్నాడు. ఆ పెళ్ళి జరిగింది. ఈయన బస్సులో వెళ్ళొచ్చాడు.

రిపేరు చేయించలేదా అంటే, చేయించాడు, తన పద్ధతిలో. జీపును ఏ షెడ్డులోనూ వదిలేవాడు కాదు. వదిలితే మంచి సామాను తీసేసి పాతది పెడతారని అనుమానం. అందుకని ఏ భాగం మీద అనుమానముంటే ఆ భాగాన్ని తనే విప్పి, గోతాంలో వేసుకుని, బస్సెక్కేవాడు. సెల్ఫ్ మోటారు గోతాంలో కదిరి వెళ్ళింది. బ్యాటరీ హిందూపురం వెళ్ళింది. బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు కరెంటు వదిలే డబ్బా గోరంట్ల వెళ్ళింది. అక్కడ ఎలక్ట్రీషియన్లు బల్ల మీద పెట్టి తీగలు తగిలిస్తే అన్నీ బ్రహ్మాండంగా పనిచేసేవి. "బాగుందన్నా, దీంట్లో ఏం ల్యాదు" అనేవాళ్ళు. తెచ్చి జీపులో బిగిస్తే టక్.

"బల్ల మీద తిరుగుతాది, బండిలో తిరగదు. దీనర్థమేమి సార్?"

"ఏమిటన్నా?"

"వాళ్ళ ముందర తిరుగుతాది, నా ముందర తిరగదు. అంటే ఎవడో నా బండి మీద కన్నేసినాడు."

జేబులోంచి బల్బు తీసేవాడు. ఒక వైరు బ్యాటరీకి, ఇంకొకటి ఇనుముకు. బల్బు నిండుగా వెలిగేది. "చూడు, కరెంటు వస్తాండాది. తీగ మంచిదే. బ్యాటరీ మంచిదే. మోటారు మంచిదే. ఇంక మిగిలింది ఎవరు? మనుషులే." సామాన్లన్నీ నిర్దోషులని తేలేకొద్దీ మనుషుల మీద కేసు బలపడేది.

కన్నేసిన వాళ్ళకు ఆయన దగ్గర మందుంది. బండి కొన్న నాటి నుంచీ ప్రతి అమావాస్యకూ, తర్వాత అది మొరాయించిన ప్రతిసారీ, బానెట్ ఎత్తి బ్యాటరీకి పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, ఆ నీళ్ళు ఇంజనుకు "తాపేవాడు". ఎంత జాగ్రత్తంటే, పైన తీగలు బిగించిన చోట ఒక్క చుక్క పడనిచ్చేవాడు కాదు. అక్కడ తడి తగలకూడదని ఆయనకు తెలుసు. పక్కగా, బ్యాటరీ పెట్టె అంచు వెంబడి, సన్నటి ధారగా కిందికి వదిలేవాడు. టెంకాయ కొట్టేటప్పుడు మాత్రం ఆయన మొహం చూడాలి. కళ్ళు మూసుకునేవాడు. ఆ మనిషి నలుగురిలో కళ్ళు మూసుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

అన్ని అనుమానాలూ తిరిగి తిరిగి చివరికి ఒక మనిషి దగ్గర ఆగాయి. ఆయన బావమరిది. భార్యకు సొంత తమ్ముడు, అదే ఊరు, నవ్వు మొహం. ఈ జీపు మీదే డ్రైవింగు నేర్చుకుని, తర్వాత తనూ ఒక జీపు కొనుక్కుని అదే దారిలో మనుషుల్ని తిప్పుతున్నాడు.

"వాడు బండి కొన్నాకే నా బండికి ఈ రోగం వచ్చింది. నా బండిలో ప్రతి తీగా వానికి తెలుసు. తెలిసినోడు కాకుంటే ఎవరు చేస్తారు సార్?"

ఆ మాట నాలుగ్గోడల మధ్య ఉంటే బాగుండేది. ఉండలేదు. ఒక పొద్దున టీ హోటల్ ముందు, నేను ఆయన టీ తాగుతుండగా, బావమరిది వచ్చాడు. ఈయన లేచి ఎదురు నిలబడ్డాడు.

"ఏమప్పా, నా బండికి ఏం చేసినావు?"

"నేనేం చేసినా బావా? నీ బండి పక్కకే రాలా."

"అట్లనా. అయితే ఈ రోగం గురించి నాకేం తెల్దు అని మీ అక్క మీద ఒట్టు పెట్టు."

హోటల్లో గరిట చప్పుడు ఆగింది. బావమరిది నవ్వు కూడా ఆగింది.

"నీ బండి ముట్టుకోలేదని ఎంత ఒట్టైనా పెడతా. ఏం తెల్దు అని మాత్రం అక్క మీద ఒట్టు పెట్టను బావా."

"ఎందుకు పెట్టవు?"

"పెట్టను. అంతే."

ఈయన నా వైపు తిరిగాడు. గెలిచిన మొహం కాదు అది, దెబ్బ తగిలిన మొహం. "విన్నావు గదా సార్. తెలుసంట." బావమరిదితో మాత్రం ఒకే మాట అన్నాడు: "నా గడప తొక్కొద్దు."

ఆ రోజునుంచి అతను తొక్కలేదు. అక్కడే, నాలుగిళ్ళ అవతల తమ్ముడు. ఇంట్లో అక్క. ఆమె మాట తక్కువ మనిషి. ఒక సాయంత్రం నేను వెళ్ళినప్పుడు జొన్నలు చెరుగుతూ, తలెత్తకుండా, "వానికి ఈడ తప్ప ఇంకో చోట సంగటి దిగదు సార్" అంది. ఎవరికి అని నేను అడగలేదు. ఆ ఊళ్ళో బండి సెల్ఫ్ తీసుకోకపోవడం అందరికీ వేళాకోళం. ఆ ఇంట్లో మాత్రం ఒక కంచం ఖాళీ అయింది.

నిజం చెప్పొద్దూ, నాకూ అతని మీద అనుమానం మొదలైంది. ఏమీ తెలియనివాడు ఒట్టుకు ఎందుకు వెనకాడతాడు? అనుమానం అంటువ్యాధి. పైగా నేను రోజూ ఆ గ్లాసులోనే తాగుతున్నాను.

ఇంతలో మార్చి వచ్చింది, పదో తరగతి పబ్లిక్ పరీక్షలు వచ్చాయి. మా పిల్లలకు సెంటరు గోరంట్లలో. పొద్దున బస్సు చేరేసరికి అక్కడ ప్రశ్నపత్రాలు పంచేసి ఉంటారు. జీపు మాట్లాడే బాధ్యత హెడ్మాస్టరు నా మీద పెట్టాడు. బావమరిది తనంతట తనే వచ్చి, "నా బండి పెడతా సార్, సెల్ఫ్ మంచిగుంది" అన్నాడు. ఆ సంగతి ఎలా తెలిసిందో, అరగంటలో ఈయన మా ఇంటి ముందు నిలబడ్డాడు.

"సార్, నా జీపు ఉండగా వాని జీపులో నా ఈది పిల్లోళ్ళు పోతే నేను ఊర్లో తలెత్తుకుని తిరగల్నా? ఒక్క పిల్ల పరీక్ష పోనీ, నా బండిని నేనే ఊరి ముందర పెట్టి కాల్చేస్తా."

తెలుగు పంతుళ్ళకు ఒక బలహీనత ఉంది. మాట బాగుంటే లొంగిపోతారు. ఆయన జీపే ఖాయం చేశాను.

ఏడాదంతా ఆ పిల్లల్ని నేను నెట్టుకొచ్చాను. పరీక్షలకు పిల్లలు జీపును నెట్టుకొచ్చారు. మిట్ట మీద నుంచి దొర్లితే సరే, లేదంటే అందరూ దిగి, అట్టలు, హాల్ టికెట్లు నా చేతిలో పెట్టి, తోసి ఎక్కేవాళ్ళు. సంస్కృత సమాసాలు గొణుక్కుంటూ జీపు తోసిన పిల్లలు ప్రపంచంలో ఇంకెక్కడా ఉండరు.

మొదటి రోజే ఒక సంగతి కనబడింది. మేం ఊరు దాటాక వెనకాల దుమ్ము లేస్తోంది. బావమరిది జీపు. ఎండ బాగా ఎక్కితే గానీ ఇల్లు కదలని మనిషి, మనుషుల్ని ఎక్కించుకోకుండా, ఖాళీ బండితో, మాకు అందనంత దూరంలో వస్తున్నాడు. మేం గోరంట్ల చేరగానే వెనక్కి తిరిగిపోయాడు. రెండో పరీక్షకూ అంతే. మూడో పరీక్షకూ.

"చూసినావా సార్" అన్నాడు ఈయన, అద్దంలోంచి కన్ను తీయకుండా. "నా బండి యాడ నిలబడిపోతాదో చూసి సంతోషపడనీకి వస్తాండాడు."

నేను వెనక్కి తిరిగి చూశాను. ఆ దుమ్ము నాకూ మంచిదిగా కనిపించలేదు.

లెక్కల పరీక్ష రోజు సగం దారిలో వంక దాటుతున్నాం. వంకంటే నీళ్ళనుకునేరు, ఇసుక. మధ్యలో రాళ్ళు పరిచి ఒక్క బండికి సరిపడా దారి చేశారు. అటూ ఇటూ దిగితే చక్రాలు కూరుకుపోతాయి. సరిగ్గా మధ్యకు వచ్చేసరికి గొర్రెల మంద అడ్డం వచ్చింది. ఈయన బ్రేకు తొక్కాడు. జీపు ఒక్కసారి ఊగి ఆగిపోయింది.

గొర్రెలు వెళ్ళిపోయాయి. తాళం చెవి తిప్పాడు. టక్.

మళ్ళీ తిప్పాడు. టక్.

పిల్లలు దిగి తోశారు. రాళ్ళ మీద ఒక అడుగు కదిలి, ముందున్న ఎత్తుకు తగులుకుని వెనక్కి వచ్చింది. గోరంట్లకు ఇంకా చాలా దూరం. పిల్లల్లో ఎవరికీ గడియారం లేదు, అందరూ నా చేతి గడియారాన్నే చూస్తున్నారు.

ఈయన బానెట్ ఎత్తాడు. బల్బు తీశాడు. బ్యాటరీకి పెట్టాడు, వెలిగింది. ఇనుముకు పెట్టాడు, వెలిగింది. "వెలుగుతాండాది సార్! కరెంటు ఉండాది!" అని అరిచాడు, అది పిల్లల తప్పయినట్టు. తీగలు గట్టిగా బిగించాడు. సెల్ఫ్ మోటారు మీద స్పానరుతో కొట్టాడు. టక్.

అప్పుడు వెనకాల దుమ్ము ఆగింది. బావమరిది దిగి, ఇసుకలో నడిచి వచ్చాడు.

"బావా, నా బండిలోంచి బ్యాటరీ తెస్తా."

"నువ్వు నా బండి ముట్టొద్దు!" ఈయన బానెట్ ముందు చేతులు చాచి నిలబడ్డాడు. "సార్, ఇదే వాని ప్లాను. ఈడ ఆగాలనే ఎదురుచూస్తాండాడు."

నేను పెద్దమనిషిని కాబట్టి ఏదో అనాలి. అనేలోపే ఒక ఆడపిల్ల ముందుకొచ్చింది. మొన్న ఫోను చేసిన పిల్లే. చేతులకు గ్రీజు, కళ్ళల్లో నీళ్ళు, గొంతులో మాత్రం మంట.

"పెదనాయనా, నీ అనుమానం రేపు కూడా పడొచ్చు. నాకు లెక్కల పరీక్ష రేపు ల్యాదు!"

ఆయన ఆ పిల్లను చూశాడు. అలవాటు చొప్పున చేతులు కాదు, మొహమే. చాచిన చేతులు కిందికి దిగాయి. పక్కకు తప్పుకున్నాడు.

బావమరిది పరిగెత్తి, తన బ్యాటరీ విప్పి, బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి మడ్‌గార్డు మీద పెట్టాడు. రెండు లావు తీగలు.

"నీ బ్యాటరీని నా బ్యాటరీకే తగిలించు. ఈ కొనది ఈ కొనకు, ఆ కొనది ఆ కొనకు" అన్నాడు ఈయన, నిఘా వదలకుండా. అట్లే తగిలించాడు. చెవి తిప్పితే టక్. రెండు బ్యాటరీలు కలిసినా టక్!

అప్పుడు బావమరిది ఒక పని చేశాడు. ఎవర్నీ అడగకుండా ఒక తీగ కొనను బావ బ్యాటరీ మీద నుంచి తీసి, నేరుగా ఇంజను ఇనుముకు అదిమి పట్టుకున్నాడు.

"ఇప్పుడు కొట్టు బావా."

గిర్రుమంది. ఒక్క దెబ్బకు లేచింది. పిల్లలు కేకలు పెట్టారు. ఆ కేకల్లో ఆయన గొంతు నాకొక్కడికే వినబడింది.

"ఆడ పెట్టల్ల అని నీకెట్ల తెలుసు?"

బావమరిది తీగలు చుట్టుకుంటున్నాడు. "పరీక్ష అయినాక అడుగు బావా. ముందు బండి తియ్."

తీశాడు. ఆ జీపు అంత వేగంగా పోగలదని దాన్ని అమ్మిన ఆఫీసు వాళ్ళకు కూడా తెలిసి ఉండదు. మేం గేటు ముందు ఆగేసరికి రెండో గంట కొడుతున్నారు. పిల్లలు అట్టలు పట్టుకుని దూకి పరిగెత్తారు. గ్రీజు చేతులను లంగాకు తుడుచుకుంటూ ఆ పిల్ల అందరికన్నా చివర లోపలికి పోయింది. గేటు మూశారు.

బావమరిది తన బ్యాటరీ బిగించుకుని వెనకాలే వచ్చాడు. ఇంక మేం ముగ్గురం మిగిలాం. ఎదురుగా వేపచెట్టు నీడ. ఈయన జీపును అక్కడికి తెచ్చి, బానెట్ ఎత్తి, బావమరిదిని పిలిచాడు. పంచాయితీ మొదలైందని నాకు అర్థమైంది.

"చెప్పు. బ్యాటరీకి పెడితే పలకలా. ఇంజనుకు పెడితే పలికింది. నీకెట్ల తెలుసు?"

బావమరిది చుట్టిన తీగల్ని విప్పి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు.

"తెలిసినోడే చేసినోడు. అవునా కాదా?"

ఈయనకు జవాబు రాకపోతే తనే వెతుక్కునే గుణం ఉంది. వచ్చిన కరెంటు తిరిగి బ్యాటరీకి పోవాలంటే దారి కావాలి. ఆ దారి ఒక లావు తీగ. ఒక కొన బ్యాటరీకి, ఇంకొకటి కింద జీపు ఇనుప చట్రానికి బోల్టుతో బిగించి ఉంటుంది. పై కొనను ఆయన వందసార్లు చూశాడు. కింది కొన బ్యాటరీ పెట్టె వెనకాల, చీకట్లో. బ్యాటరీ పైకి తీశాడు. పెట్టె విప్పాడు. వంగి చూశాడు.

అక్కడ బోల్టు లేదు, పుట్ట ఉంది. ఎర్రగా, తెల్లగా, పొరలు పొరలుగా తుప్పు. తీగ కొన ఆ తుప్పులో కూరుకుని ఉంది. చిన్న బల్బుకు సరిపడా కరెంటు దాంట్లోంచి ఎలాగో దూరి పోతుంది. సెల్ఫ్ మోటారు లాగే అంత కరెంటుకు అక్కడ తోవ లేదు.

"తుప్పు" అన్నాడు. "వాన చుక్క పడని ఊర్లో తుప్పు యాడిది సార్? ఎవడో నీళ్ళు పోసినాడు. ఈడనే, గురి చూసి పోసినాడు." ఏళ్ళ తరబడి అడుగుతున్న ప్రశ్నకు సాక్ష్యం దొరికిందన్న ధీమాతో స్పానరు అందుకున్నాడు.

స్పానరు కొనతో గీకాడు. ఎర్రటి పెళ్ళ ఊడింది. అరచేతిలో వేసుకుని వేలితో నలిపాడు. తుప్పు ఎరుపు వేరు, అందులోని ఇంకో ఎరుపు వేరు. వేలు వాసన చూశాడు. దాని కింద పసుపు పచ్చటి పొర. ఇంకొంచెం గీకితే సన్నటి పీచు ఒకటి వేలాడింది.

చాలాసేపు ఆ పీచును చూశాడు.

"సార్" అన్నాడు, నిజంగానే తెలియనట్టు, "నా బండి కాడ టెంకాయ కొట్టేది ఎవరు సార్?"

నాకు జవాబు తెలుసు. చెప్పే ధైర్యం లేదు. ఎన్నో ఏళ్ళ వ్యాకరణ బోధన ఆ ఒక్కరోజు నాకు పనికొచ్చింది. "టెంకాయ... అక్కడ కొట్టబడుతూ ఉంటుందన్నా" అన్నాను. కర్మణి వాక్యంలో కర్త పేరు చెప్పకపోయినా తప్పు కాదు.

ఆయన నవ్వలేదు. బావమరిది కూడా.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగాడు. ఆ అడగడంలో పోలీసు లేడు.

"మొదట్లోనే బావా. ఒకసారి నువ్వు టెంకాయ కొడతాంటే చూసినా. ఆ నీళ్ళు యాడికి పోతాండాయో నాకు తెలుసు, ఈ బండి కిందనే గదా నేను పని నేర్చుకున్నది."

"తెలిసి ఎందుకు చెప్పలా? ఊర్లో అందరి ముందర నిన్ను అడిగితిని. అప్పుడన్నా చెప్పల్ల గదా!"

"అక్క చెప్పొద్దనింది."

ఆయన తల ఎత్తాడు.

"ముందే అక్కకు చెప్పినా. 'ఆయప్ప నన్ను నమ్మడు, నిన్ను నమ్మడు, లోకంలో ఎవర్నీ నమ్మడు. కండ్లు మూసుకునేది ఆ టెంకాయ ముందర ఒక్కసారే. దాని వల్లనే బండి చెడిపోయిందని నువ్వు చెప్తే, ఇంక ఆ మనిషికి మిగిలేది ఏముంది రా' అనింది. నేను రాత్రిపూట వచ్చి బోల్టు గీకి పోదామనుకున్నా. నువ్వు బండిలోనే పండుకుంటివి."

"మరి ఎనకాల ఎందుకు వస్తాంటివి రోజూ?"

"అక్కే పంపిస్తాండె. 'పిల్లోళ్ళు నడిదావలో నిలబడిపోతారు, ఎనకాలే పో, కనపడొద్దు' అనింది. నేను కనపడితిని. దుమ్ము లేకుండా ఈ దారిలో ఎట్ల వచ్చేది బావా?"

ఒట్టు సంగతి కూడా నాకు అప్పుడు అర్థమైంది. 'ఏం తెల్దు' అని కదా ఈయన ఒట్టు పెట్టమన్నది. అతనికి అంతా తెలుసు.

ఈయన ఇంకేమీ అడగలేదు. ఆ మనిషి దగ్గర ప్రశ్నలు అయిపోవడం నేను చూసింది అప్పుడే. గోతాం గుడ్డతో బోల్టు తుడవడం మొదలుపెట్టాడు. గీకాడు, తుడిచాడు, ఇసుకతో రుద్దాడు. తీగ కొన రాగి రంగు తేలేదాకా రుద్దాడు. బావమరిది పక్కన కూర్చుని స్పానరు అందించాడు. బోల్టు బిగించి, బ్యాటరీ పెట్టి, సీట్లోకి పోయి చెవి తిప్పాడు. గిర్రుమని లేచింది. ఆపేశాడు. మళ్ళీ తిప్పాడు. లేచింది. ఆపాడు. అట్లా ఎన్నిసార్లు చేశాడో, పరీక్ష హాల్లోంచి ఎవరో బయటికొచ్చి చప్పుడు చేయొద్దని అరిచేదాకా చేశాడు.

తర్వాత ఒకసారి నా వైపు పక్కచూపు చూసి, "నీకు గూడా ముందే తెలుసునా సార్?" అన్నాడు.

"లేదన్నా. నేనూ నీలాగే ఇతన్నే అనుకున్నా."

"అది నమ్ముతా" అన్నాడు.

పరీక్ష బాగా రాశామని అరుస్తూ వచ్చిన పిల్లల్ని ఎక్కించుకుని సాయంత్రం ఊరు చేరాం. దారిలో ఒక్కొక్కరే దిగిపోయారు. ఆయన ఇంటి ముందుకు వచ్చేసరికి నేనొక్కణ్ణే ఉన్నాను. వెనకాల బావమరిది జీపు కూడా ఆగింది. అతను దిగి, వీధిలోనే, గడపకు దూరంగా నిలబడ్డాడు.

ఆమె వాకిట్లోకి వచ్చింది. మొగుణ్ణి చూసింది, వీధిలో తమ్ముణ్ణి చూసింది, ఇద్దరి చేతులకూ ఒకే మురికి ఉండడం చూసింది. ఏమైందో అడగలేదు.

"పిల్లోళ్ళు టయానికి పోయినారా?" అని మాత్రం అంది.

"పోయినారు. ఇంకో కంచం పెట్టు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. చెంబు నిండా నీళ్ళు తెచ్చి తమ్ముడి వైపు రెండడుగులు వేసింది. ఈయన అడ్డం వచ్చి ఆ చెంబు తన చేతిలోకి తీసుకున్నాడు. గడప దిగి వీధిలోకి నడిచాడు. తనకన్నా చిన్నవాడు, పిల్లనిచ్చిన ఇంటివాడు. ఆ వరసలో పెద్దవాడు చిన్నవాడికి నీళ్ళు పోయడం మా వైపు ఎవరూ చూసి ఉండరు.

"చెయ్యి పట్టు" అన్నాడు.

"నేను పోసుకుంటా బావా, ఇట్లియ్యి."

"పట్టుమంటాండా గదా."

అతను చేతులు చాచాడు. ఈయన పోశాడు. గ్రీజు కరిగి నల్లగా కారింది. బోరు ఎండిన వీధి అది, అక్కడ చెంబెడు నీళ్ళంటే ఒక పూట.

"చాల్లే బావా, నీళ్ళు దండగ."

ఆయన వినలేదు. నీళ్ళు తెల్లగా కారేదాకా పోస్తూనే ఉన్నాడు.